అత్త చేతులున్న ఎక్స్‌రే

మొన్న మా మనవరాలికి నెలలు నిండకుండానే కొడుకు పుడితే, వాణ్ని దవాఖానలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. మేము కిటికీ ఇవతలి నుంచి చూస్తుండగా చక్రాల మీద ఎక్స్‌రే మిషను తోసుకొచ్చారు. నర్సమ్మ వాడి ఛాతీ మీది తీగలు పక్కకు సర్ది అందరినీ దూరంగా జరగమంది. కిరణాలు చాలా కొంచెమేనని, అయినా అవసరం లేకుండా ఒక్క ఫిల్ము కూడా తీయబోమని నాకు ఓపిగ్గా చెప్పింది. నా పక్కన కళ్లు తుడుచుకుంటున్న నా కూతురు, అంటే ఆ పసివాడి అమ్మమ్మ, ఒకప్పుడు తానూ ఇలాంటి మిషను ముందు పడుకున్న పసిగుడ్డేనని గుర్తొచ్చి ఆ కంగారులోనూ నాకు నవ్వొచ్చింది.

అరవైలలో మాట. కల్వకుర్తి దగ్గర ఊళ్లో మాది మగ్గాల ఇల్లు. నా తొలికాన్పు బిడ్డ పుట్టిన వారానికే ఆయాసపడుతూ, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే, నేనూ మా అత్తా పాలమూరు పెద్ద దవాఖానకు బస్సెక్కాం. మా అత్త అల్లాటప్పా మనిషి కాదు, చేత్తో నూలు కండెలు చుడుతూ నోటితో వీధినంతా ఏలేది. నేనంటే ప్రాణమే గానీ, ఆ మాట ఏనాడూ పైకి ఒప్పుకోలేదు.

ఎక్స్‌రే తీసే ఆయన బిడ్డ ఒంటి మీద ఏమీ ఉంచొద్దన్నాడు. అత్త నల్లపూసలు తీసింది, మొలతాడు తీసింది. పక్కింటి సాయెబుల ముసలమ్మ ప్రేమగా మెళ్లో కట్టిన రాగి తాయెత్తు తీయడానికి మాత్రం ఆమెకు చేతులు రాలేదు. ఫోటో ఎదురుగా ఉన్నదానికే కదా పడేది అనుకుని, దాన్ని మెల్లగా వీపు వైపు తిప్పేసింది. మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బిడ్డ కదలకుండా పట్టుకునే పని ఇంటివాళ్లదే. నేను పచ్చి బాలింతనని నన్ను బయట కూర్చోబెట్టి అత్తే పట్టుకుంది. మీట నొక్కేముందు ఆయన తెర వెనక్కి పోవడం చూసి, బయటికొచ్చాక "గంత మొగోడు, ఫోటో తీయనీకె గట్ల దాక్కుంటడేందే పిల్లా?" అని నా చెవిలో గుసగుసలాడింది.

డాక్టరు ఫిల్మును వెలుగుకు పెట్టి ముఖం ముడిచాడు. గుండె పక్కన తెల్లగా చిన్న గొట్టంలా ఏదో ఉంది. బిడ్డ చేత ఏం మింగించారని గద్దించి, హైదరాబాదు తీసుకుపోయి కోయించాల్సి వస్తుందేమో అన్నాడు. నేను ఏడుస్తూ అక్కడే కూలబడిపోయాను. అత్త మాత్రం దగ్గరికి పోయి ఆ ఫిల్మును తేరిపార చూసి, ఒక్కసారిగా అరిచింది.

"అయ్యో సారూ, గది నేను ఈపుకు తిప్పిన తాయెత్తు! నీ మిషిను ఈపు గూడ సూస్తదని నాకేమెర్క?"

డాక్టరుకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. తాయెత్తు నా కొంగుకు ముడేసి మళ్లీ ఫోటో తీశారు. ఈసారి కనిపించింది ఉత్త నెమ్మే, సూదిమందుతో తగ్గిపోయింది. ఒక తాయెత్తు మూలంగా పసిదాని మీద, అత్త చేతుల మీద ఆ కిరణాలు రెండోసారి పడ్డాయనీ, వాటిని ఊరికే పడనివ్వకూడదనీ మా ఇద్దరికీ అప్పుడు తెలియదు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె గట్టి నమ్మకం. మా పెళ్లిలో కూడా కెమెరా చూసి వంటింట్లోకి పారిపోయింది. అలాంటి మనిషి మనవరాలి కోసం రెండుసార్లూ మిషను కింద చేతులు పెట్టింది. ఆ రెండో ఫిల్మును అడిగి తెచ్చుకున్నాను, ఇప్పటికీ నా పెట్టెలో చీరల అడుగున ఉంది. వెలుగుకు పెడితే నడుమ బిడ్డ సన్నని పక్కటెముకలు, అటూ ఇటూ అత్త వేళ్ల ఎముకలు, ఒక వేలికి బిగుసుకుపోయి ఎంత లాగినా రాని ఉంగరం కనిపిస్తాయి. అత్తది మా ఇంట్లో ఉన్న ఫోటో అదొక్కటే.

మొన్న నర్సమ్మ చూపించిన ఫిల్ములో మా మునిమనవడు ఒక్కడే ఉన్నాడు, పక్కన ఏ చెయ్యీ లేదు. అలా ఉండటమే మంచిదని ఇప్పుడు నాకు తెలుసు, వాడూ కోలుకుంటున్నాడు. అయినా ఇంటికి రాగానే పెట్టె తెరిచి, మా అత్త చేతుల్ని కిటికీ వెలుగులో చాలాసేపు చూసుకున్నాను.