వీధిదీపం ముందు చామంతులు

నంద్యాల కిరాణా వర్తకుడు మహానందయ్య భార్య రామేశ్వరమ్మ మనుషులకంటే చామంతి మొక్కలతోనే ఎక్కువ మాట్లాడేది. ఏటా చలి తగలగానే అమ్మవారిశాల గుడికి తొలి పూలబుట్ట ఆమెదే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు మహానందయ్య పట్టుబట్టి ఇంటిముందు కరెంటు దీపం వేయించుకుని, రోజూ దాని కింద నలుగురికీ వినబడేలా పేపరు చదివేవాడు. ఆ కార్తీకంలో ముంగిట మొక్కలు మొగ్గ తొడగలేదు. ఆమె దిష్టి తీసింది, నిమ్మకాయలు కట్టింది. ఒక సాయంత్రం దీపం వెలిగాక వంగి చూస్తే, ఆ వెలుగు తగలకుండా గోడనీడ పడే వరుసకు మాత్రం మొగ్గలున్నాయి. కొట్లోంచి గోనెపట్టాలు తెచ్చి తక్కిన మొక్కలమీద కప్పసాగింది.

“ఏందే, చెట్లకు చలా?” అన్నాడు మహానందయ్య.

“మీకు ఎలుతురు కావల్ల, వాటికి చీకటి కావల్ల. ఆ కొస పట్టుకోండి.”

ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని, కొస పట్టుకున్నాడు.