మేకుకు తగిలించిన గాజులు

మొన్న పొద్దున మామ ఫోన్ చేశాడు. "మీ అత్త పోయింది బిడ్డా. జొరం దిగనే లేదు" అని ఫోన్ పెట్టేశాడు. మణుగూరు బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపుకంటే ముందు కోపమొచ్చింది. మా మేనత్తను ఊరు అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

మామది వడ్రంగి పని. కరెంటు రంపం కొన్న కొత్తలో, పని జల్దీగా తెములుతుందని చక్రం మీద మూతలా ఉండే గార్డును తీగతో వెనక్కి కట్టేశాడు. అందరూ అట్లాగే కట్టేవాళ్లు. ఒకరోజు కోస్తున్న చెక్కలో చక్రం బిగుసుకుని, మిషన్ ఎగిరి వెనక్కి తన్నింది. ఎడమచేతి వేళ్లు మూడు పోయాయి.

గాయం మానకముందే అత్త ఆ మిషన్ పట్టింది. ముందు ఆ తీగ విప్పి అవతల పారేసింది. తర్వాత చేతులకున్న మట్టిగాజులు తీసి, స్విచ్చుబోర్డు పక్కనున్న మేకుకు తగిలించింది. కొంగు నడుముకు బిగించి పనిలోకి దిగింది.

తీగ సంగతి ఊళ్లో ఎవరికీ పట్టలేదు. గాజులే పట్టాయి. అత్తకు వరసకు పెద్దమ్మ అయ్యే ముసలామె షెడ్డు దాకా వచ్చి, "ఏందే, మొగడు బతికుండంగనే గాజులు తీస్తవా? ఆయనకు కీడు గాదా?" అంది.

అత్త మిషన్ ఆపింది. చక్రం తిరగడం పూర్తిగా ఆగేదాకా కింద పెట్టలేదు. అప్పుడు తలెత్తి, "ఆయన వేళ్లు పోయిన్నాడు నా చేతుల నిండ గాజులున్నయ్ పెద్దమ్మా. గవేం కాపాడినయ్?" అంది.

ఆ ముసలామె మళ్లీ షెడ్డు వైపు రాలేదు. మాటలు మాత్రం ఆగలేదు, అత్తా ఆగలేదు. గాజులు సులువుగా రావాలని ఒక సైజు పెద్దవే కొనేది. పని అయ్యాక చేతులు కడుక్కుని మళ్లీ వేసుకునేది. గార్డు కట్టేస్తే సాయంత్రానికల్లా తలుపులు అయిపోతాయి కదా అని ఒకాయన తొందర పెడితే, "అవ్, నా చెయ్యి గూడ అయిపోతది" అని నవ్వి, తన పద్ధతిలోనే కోసింది. సెలవుల్లో నాకూ మిషన్ నేర్పింది. "స్విచ్ బంద్ చేస్తే సాలదు. ప్లగ్గు పీకి, నీ కండ్ల ముందల పెట్టుకోని చక్రం మార్చు" అనేది. ఇప్పటికీ మిక్సీ కడిగేటప్పుడు నేను ప్లగ్గు పీకి ఎదురుగా పెట్టుకుంటాను.

నేను వెళ్లేసరికి ఆడవాళ్లు అత్తకు తొడగడానికి కొత్త గాజులు తెచ్చారు. ఆ ముసలామే ముందుంది. "ముత్తైదువగ పోయింది, అదృష్టమంతురాలు" అంటోంది. ఇన్నాళ్లూ ఆ ఇంటిని నిలబెట్టిన మనిషికి దక్కిన పేరు అదొక్కటే. నాకు ఒళ్లు మండింది.

మామ లేచి వచ్చి కొత్త గాజులు వద్దన్నాడు. అత్త చేతులకున్నవి కూడా మెల్లగా తీశాడు. పెద్దవి కదా, మామ తన రెండు వేళ్ల చేత్తో లాగినా సులువుగానే వచ్చాయి. ఆమె అరచేతులు రెండూ తెరిచి గుండెల మీద పెట్టాడు.

"సూడుండ్రి" అన్నాడు. "పది వేళ్లున్నయ్."

అత్త బోసి చేతులతోనే వెళ్లింది.

అందరూ కదిలాక షెడ్డులోకి వెళ్లాను. మిషన్ బల్ల మీద ఉంది, ప్లగ్గు పీకి పక్కన పెట్టి ఉంది. మామ తీసిన గాజులు మేకుకు వేలాడుతున్నాయి.