అయ్యగారు కూర్చోని కుర్చీ

మా పాస్టరయ్యగారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున్న, సరిగ్గా గుడిగంట కొట్టే వేళకి పోయారు. పలాస ఆసుపత్రిలో డ్యూటీ దిగి నేరుగా ఆయన దగ్గరికి వెళ్లిన మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, అయ్యగారు వెళ్లిపోనారు" అంది. చేతిలో జీడిపిక్కల చేట అలాగే పట్టుకుని నిలబడిపోయాను. మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే, "ఆదివారం లేటుగా రావడం ఆయనకి ఎప్పుడూ గిట్టదు. పైకి కూడా టైముకే ఎల్లినారు" అంది.

నేనూ ఏడ్చాను. కానీ చదివే మీతో అబద్ధమెందుకు, ఆయన్ని తలుచుకుంటే నాకు ఏడుపు కంటే సంతోషమే ముందొస్తోంది. అంత మంచి మనిషి పక్కన ముప్పై ఏళ్లు బతికానే, ఎంత అదృష్టవంతుణ్ణి అనిపిస్తోంది. నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఎక్కువ చెప్పేస్తే మన్నించండి. ఆయన గురించి తక్కువ చెప్పడం నాకు చేతకాదు.

ఆయన గురించి చెప్పాలంటే ఒక కుర్చీ గురించి చెప్పాలి.

మాది వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం హోరు వినబడే ఊరు. కొబ్బరి, జీడి, పనస. మా గుడి రేకుల షెడ్డు. వాన పడితే ప్రసంగం వినబడదు. ఆయన ఆపేసి, "ఇప్పుడు దేవుడే మాట్లాడతన్నాడు, ఇనండి" అని కూర్చునేవారు. కూర్చోవడమంటే బల్ల మీద, మా పక్కనే. రెండు జతల తెల్లబట్టలు, ఒక పాత మోపెడ్. క్రిస్మస్‌కి చుట్టుపక్కల సంఘాలవాళ్లు పిలిచి శాలువాలు కప్పితే, అవి సంక్రాంతిలోపే చలికి వణికే ముసలోళ్ల ఒంటిమీద కనబడేవి. ఒకసారి నందిగాంలో ఆయనకి కప్పిన జరీ శాలువా మా వీధిలో మేక కాన్పుకి కూడా వాడారు. "బాగుందిరా, దానికీ సన్మానమైపోనాది" అని పకపకా నవ్వారు.

ఎవరింటికి వెళ్లినా ప్రార్థనకి ముందు ఆయన అడిగేది ఒకటే. "పొద్దున్న ఏటి తిన్నారు?" ఏమీ లేదంటే సంచిలోంచి బియ్యం తీసేవారు. మా గుడి ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం వేరే డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి ఇస్తారు. ఆ గుప్పెళ్ల బియ్యమే ఆ సంచి. "ఆకలితో ఉన్నోడి నెత్తి మీద సెయ్యి పెడితే, ఆడికి సెయ్యి బరువే గానీ ఇంకేటీ తెల్దు" అనేవారు. అన్నం ఉడికాక ప్రార్థన. అదీ రెండే నిమిషాలు.

ఇప్పుడు నా సంగతి. పెళ్లయిన పదకొండేళ్లకి గానీ మాకు పిల్ల పుట్టలేదు. బిడ్డనిస్తే నీ గుడికి సింహాసనంలాంటి కుర్చీ చేయిస్తానని దేవుడికి మొక్కుకున్నాను. అమ్మాయి పుట్టింది. నా సంతోషం ఎవరు పట్టగలరు! పెరట్లో పనసచెట్టు కొట్టించి, టెక్కలి నుంచి వడ్రంగిని పిలిపించాను. ఎత్తైన వీపు, ఎర్ర మఖ్మలు సీటు, చేతుల చివర రెండు సింహం తలకాయలు. వీపు మధ్యలో నా పేరు, ఇంటిపేరుతో సహా, ఉబ్బెత్తు అక్షరాలతో. వడ్రంగి, "వెనకపక్క సెక్కుదాం మావా" అన్నాడు. వెనక చెక్కితే గోడకి కనబడుతుంది గానీ జనానికెలా కనబడుతుంది? ముందే చెక్కమన్నాను.

ఆ వారమే గుడిలో కొత్తగా సిమెంటు గచ్చు చేశారు. పచ్చి ఆరిందో లేదో చూడకుండా నలుగురం మోసుకొచ్చి దించాం. పనసచెక్క బరువు. నాలుగు కాళ్లూ గచ్చులో దిగబడి నాలుగు గుంటలు పడ్డాయి. అయ్యగారు కుర్చీ మీద చెయ్యి వేసి ప్రార్థించారు. కూర్చోలేదు. "వచ్చే వారం కూకుంటార్లే" అనుకున్నాను.

వచ్చే వారానికి కుర్చీ లేదు.

"అయ్యగారూ, నా కుర్సీ ఏదండి?"

"ఎల్లింది."

"ఎక్కడికండి?"

"సివరి ఈధిలో బుట్టలల్లుకునే ముసలమ్మ లేదూ, ఒళ్లంతా నీరొచ్చీసినాది. పడుకుంటే ఊపిరాడట్లేదు. ప్లాస్టిక్ కుర్సీలో కూకోబెడితే తల వాలిపోతన్నాది. నీ కుర్సీకి ఈపు ఎత్తు కదా తమ్ముడూ, తల ఆనుకుంటాదని అట్టుకెల్లి ఇచ్చీసినాను."

మా ఉద్దానం సంగతి తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. ఇక్కడ కిడ్నీ జబ్బు చాలా ఇళ్లలో ఉంది. ఒంట్లో నీరు చేరితే మనిషి పడుకోలేడు. కూర్చునే కునుకు తియ్యాలి. ఇది అప్పటికే నాకూ తెలుసు. తెలిసి కూడా కోపమొచ్చింది.

"మీరు కూకుంటారని సేయించినానండి! దేవుడికి మొక్కినాను!"

"దేవుడికే కదా ఇచ్చినావు? ఆయనొచ్చి కూకున్నాక లెగమని నేనెలా సెప్తాను?"

"మాటలకేటి, బాగానే సెప్తారు! రేపట్నుంచి మీ గుడికి రాను."

"రాకపోతే రాకు. టీ తాగి ఎల్లు."

తాగలేదు. ఆ తర్వాత మూడు నెలలు పలాసలో ఒక పెద్ద గుడికి వెళ్లాను. నున్నటి రాళ్లు, నెత్తిమీద ఫ్యాన్లు, గోడనిండా దాతల పేర్లు. అంతా బాగుంది. కానీ పొద్దున్న ఏటి తిన్నావని అక్కడ ఒక్కరూ అడగలేదు.

అప్పుడే మా అమ్మకి ఒంట్లో నీరు వచ్చింది. రెండు రోజులు నా భుజానికే ఆనుకుని కూర్చుంది. మూడోరోజు పొద్దున్న ఇంటిముందు ఆటో ఆగింది. వెనక కుర్చీ, కాళ్లు ఆకాశంలోకి. ఆ కాళ్లు పట్టుకుని అయ్యగారు. ముసలమ్మకి కాస్త నయమైందట. ఆయన నావైపు చూడకుండా, "పట్టు, పట్టు, బరువు" అన్నారు. ఒక్క ఎత్తిపొడుపు లేదు. అదే నన్ను ఎక్కువ పొడిచింది.

అమ్మని కూర్చోబెట్టాం. ఎర్ర మఖ్మలు మీద మహారాణిలా ఉంది. కాసేపాగి మూలిగింది.

"ఒరే నాయినా, నీ పేరు నా ఈపుకి గుచ్చుకుంటన్నాదిరా."

మా ఆవిడ ముందు నవ్వింది. తర్వాత అయ్యగారు. తర్వాత అమ్మ కూడా, ఊపిరందకపోయినా. నేనొక్కణ్ణే నవ్వలేకపోయాను. అయ్యగారు సంచిలోంచి శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, నా పేరు మీద కట్టారు.

"ఆ ముసలమ్మా ఇదే అంది. అప్పట్నుంచి ఇలాగే కడతన్నాం."

"మరి ఆ పేరు తీయించీలేకపోయారా?"

"పేరు నీది తమ్ముడూ. నువ్వే తియ్యాల. నేను తీత్తే దొంగతనమవదూ?"

ఆ మధ్యాహ్నం అమ్మని దిండ్లకి ఆనించి, ఉలి తెచ్చి, నా పేరు నేనే తీసేశాను. ఒక్కో అక్షరం ముక్కలై ఒళ్లో రాలింది. తర్వాత గరుకు కాగితంతో చెయ్యి నొప్పెట్టేదాకా రుద్దాను. ఎక్కువ రుద్దేసి అక్కడ చిన్న పల్లం చేసేశాను. అమ్మ వీపు ఆనించి, "ఇప్పుడు సుకంగా ఉన్నాది" అంది. నా జీవితంలో నాకు ఇంత మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

రెండు నెలలు అమ్మ ఆ కుర్చీలోనే నిద్రపోయింది. ఆమె పోయిన మూడోనాడు కుర్చీ జలంత్రకోటలో ఇంకో రోగి ఇంటికి వెళ్లింది. ఆటోకి తాడు నేనే కట్టాను. అప్పట్నుంచి తాడు పని నాదే. ఎవరిల్లు, ఏ దేవుణ్ణి కొలుస్తారు, అయ్యగారు ఒక్కనాడూ అడగలేదు. దేవుడి పటాల కింద కూడా ఆ కుర్చీ వేశాం. సీటు చిరిగితే మా ఆవిడ గోనెగుడ్డ కుట్టింది. మా అమ్మాయి చిన్నప్పుడు ఆటోలో దానిమీదెక్కి కూర్చుని ఊరూరా తిరిగేది. రోగుల కాళ్లు ఎంత వాచాయో వేలితో నొక్కి చూడడం అయ్యగారి దగ్గరే నేర్చుకుంది. ఈరోజు పలాసలో కిడ్నీ రోగులకి అదే పిల్ల నర్సు! వీధిలో అందర్నీ ఆపి చెప్పుకునేవాణ్ణి. అది ఉద్యోగంలో చేరిన రోజు అయ్యగారు నా చెవి పట్టుకుని అన్నారు:

"నువ్వు దేవుడికి కుర్సీ ఇచ్చినాననుకున్నావు కదా. ఇచ్చింది ఈ గుంటని, నీ కూతుర్ని."

చివరికి ఆ జబ్బు ఆయన్నీ వదల్లేదు. పడుకోలేకపోయారు. మా అమ్మాయి, "కుర్సీ తెప్పిస్తానండి" అంది.

"అందులో ఎవులున్నారు?"

"అక్కుపల్లిలో పడవాయనండి."

"ఆయన్ని లెగనీ. తరవాత సూద్దాం."

పడవాయన లేవలేదు. అయ్యగారు గోడకి బియ్యం సంచి ఆనించుకుని, దానికి వీపు ఆనించి వారం రోజులు గడిపారు. అలాగే వెళ్లిపోయారు. ముప్పై ఏళ్లలో ఆ కుర్చీలో ఆయన ఒక్కసారీ కూర్చోలేదు.

మట్టి కార్యక్రమం అయ్యాక సంఘపెద్దలు మా ఇంటికొచ్చారు. కుర్చీ వెనక్కి తెచ్చి, వార్నిష్ వేసి, అయ్యగారి పేరు చెక్కించి, ఫోటో పెట్టి దండ వేద్దామన్నారు. ఎవరూ అందులో కూర్చోకూడదట. "కుర్సీ నీది. నువ్వు సరేనంటే సాలు మావా" అన్నారు. నిజం చెప్తున్నాను, నా గుండె ఉప్పొంగిపోయింది. అయ్యగారికి సింహాసనం! అప్పుడు కుదరనిది ఇప్పుడు కుదురుతోంది! మర్నాడే ఆటో మాట్లాడి, తాడు తీసుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని అక్కుపల్లి బయల్దేరాను. దారంతా నేనే మాట్లాడాను.

గుమ్మంలో పడవాయన భార్య చేపల వల విప్పుకుంటోంది. మమ్మల్ని చూసి నోటిమీద వేలు పెట్టింది.

"రెండు దినాలయి రెప్పెయ్యలేదు బాబూ. ఇప్పుడే పట్టింది నిద్ర."

లోపలికి తొంగిచూశాను. కిటికీ వెలుగు కుర్చీ మీద పడుతోంది. పడవాయన తల వెనక్కి వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. రెండు చేతులూ సింహాల మీద ఉన్నాయి. ఇన్నేళ్లు ఇంతమంది పట్టుకుని పట్టుకుని ఆ సింహాలకి ముక్కూ లేదు, మూతీ లేదు, గులకరాళ్లలా ఉన్నాయి. నా పేరు తీసిన పల్లంలో ఆయన వీపు సరిగ్గా ఇమిడిపోయింది. అక్కడ అయ్యగారి పేరు చెక్కితే అది ఎవరి వీపుకి గుచ్చుకుంటుందో నాకు తెలుసు.

అమ్మాయి మెల్లిగా అడిగింది. "నాన్నా, ఏటి సేద్దాం?"

"దేవుడు కూకున్నాడు కదమ్మా. ఎలా లెగమంటాం?"

చెప్పుల చప్పుడు కాకుండా వచ్చేశాం. సంఘపెద్దలు ముందు చిరాకుపడ్డారు. అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, విషయం విని, చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఈ ఆదివారం గుడికి పెందరాళే వెళ్లాను. చీపురు పట్టుకుని అమ్మగారే గచ్చు ఊడుస్తున్నారు. వేదిక దగ్గర ఆ నాలుగు గుంటలూ అలాగే ఉన్నాయి. చుట్టూ ఊడ్చి, ఒక్కో గుంటలోనూ వేలు పెట్టి దుమ్ము తీసి, కొంగుతో తుడిచారు. ఎవరో ఇప్పుడే లేచి బయటికెళ్లారు, మళ్లీ వస్తారన్నట్టు.