విలాయత్ అలీ ఇంటికి పంపిన ప్రశ్న

శంషాబాద్ బడిలో చరిత్ర చెప్పే విలాయత్ అలీని రెండుసార్లు ఉద్యోగంలోంచి తీసేశారు. రెండుసార్లూ తీసేసిన మహానుభావుడు ఒక్కడే, హెడ్‌మాస్టర్ నర్సింగరావు. అలాంటివాడికి బడి అప్పజెప్పినవాళ్లకు ఒక దండం.

విలాయత్ అలీకి ఒక అలవాటుండేది. పాఠం ముగించి, "ఇది నిజమో కాదో ఇంట్ల పెద్దోళ్లను అడిగి రాండి," అని పిల్లల్ని పంపేవాడు. నిజాం ఏలుబడి చివరి రోజుల్లో ఒక పాఠం, సర్కారు ప్రజల కోసం రోడ్లు వేయించిందని చెప్పింది. మర్నాడు లచ్చమ్మ అనే పిల్ల లేచింది.

"ఆ రోడ్డుకు మా బాపు కూలి లేకుంట వెట్టికి రాళ్లు మోసిండట సాబ్."

తనిఖీకి వచ్చిన అధికారి చెవిన అది పడింది. ఆయన వెళ్లగానే నర్సింగరావు ఊగిపోయాడు.

"ముసల్మానువై ఉండి సర్కారు మీద గిట్ల చెప్పిస్తవా? నడువ్ బయటికి!"

నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం పోయింది. నర్సింగరావు రూమీ టోపీ తీసి ఖద్దరు టోపీ పెట్టాడు. సిగ్గు మాత్రం ఎక్కడా పెట్టుకోలేదు. పంతుళ్లు దొరక్క విలాయత్ అలీనే మళ్లీ పిలిపించాడు. కొత్త పాఠం, ఇక వెట్టి లేదని చెప్పింది. ఆయన పిల్లల్ని మళ్లీ ఇంటికి పంపాడు. మర్నాడు అదే లచ్చమ్మ లేచింది.

"మా అవ్వ నిన్న గూడ పటేలింట్ల వెట్టి చేసొచ్చింది సాబ్."

గుమ్మంలో నిలబడి విన్న నర్సింగరావు మళ్లీ ఊగిపోయాడు.

"ముసల్మానువి గాబట్టే సర్కారు మీద గిట్ల చెప్పిస్తున్నవ్. నడువ్ బయటికి!"