రాబియా రాసిన మినిట్స్ బుక్కు

ఎల్లారెడ్డి ఊళ్లో దర్జీ హుస్సేన్ కూతురు రాబియాకు ఒక జబ్బు ఉండేది. ఏదైనా రాయమంటే, అన్నది అన్నట్టు అక్షరం పొల్లుపోకుండా రాసేది. ఆ జబ్బే ఒక పిల్ల చదువు నిలబెట్టిందని ఇప్పటికీ పాత టీచర్లు చెప్పుకుని నవ్వుతారు. నవ్వుకుని, "అమ్మో, గట్టి పిల్ల!" అని తల ఊపుతారు.

1984లో ఆమె కామారెడ్డిలో టీచర్ ట్రైనింగు చదువుతోంది. అక్కడి ఉపాధ్యాయ సంఘానికి ఐదుగురు సభ్యుల శిక్షణ కమిటీ ఉండేది. ట్రైనింగు పిల్లలు ఏ ఊరి బడిలో పాఠాలు చెప్పి నేర్చుకోవాలో తేల్చేది ఆ కమిటీయే. అందులో ప్రతి ఏడూ విద్యార్థుల తరఫున ఒకరిని కూర్చోబెట్టేవారు. కూర్చోబెట్టడమంటే ఏముంది, చాయ్ గ్లాసులు అందించడం, మినిట్స్ బుక్కు రాయడం. ఓటు కూడా ఉండేది గానీ, దాన్ని వాడిన విద్యార్థిని ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఆ ఏడు ఆ కుర్చీ రాబియాకు దక్కింది.

ఆమెకు కుర్చీ మీద మోజేమీ లేదు. ఆమె దిగులంతా మజీదా గురించే. ఇద్దరిదీ ఒకే గల్లీ, ఒకే బెంచీ, రోజూ ఎల్లారెడ్డి నుంచి ఒకే బస్సు. మజీదాకు కామారెడ్డి అవతలున్న రాజంపేట బడి పడింది. అక్కడ బడి వదిలి కామారెడ్డి చేరేసరికి ఎల్లారెడ్డి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. పొద్దుగూకేలోపు ఇల్లు చేరకపోతే ట్రైనింగు బంద్ అని తండ్రి ఖుద్దూస్ తేల్చి చెప్పేశాడు. ఏడ్చి ఏడ్చి మజీదా కళ్లు వాచిపోయాయి.

మొదటి మీటింగులోనే రాబియా లేచి సంగతంతా చెప్పి, మజీదాను ఎల్లారెడ్డి బడికే వేయమని అడిగింది.

"పోయినేడు పోయిండ్రు, ఈయేడు పోతరు. ఒక్కొక్కరికి ఒక్కో బస్సు పెడ్తమా?" అన్నాడు కార్యదర్శి ముత్తయ్య సారు.

అధ్యక్షుడు బాలయ్య సారు మంచివాడే, పాపం. ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. "సూద్దాం తీ బిడ్డా" అన్నాడు. అంతలో మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఇక ఏం చర్చ, నా మొహం! కమిటీలో ఉన్న ఒకే ఒక టీచరమ్మ అనసూయమ్మ మేడం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రాబియాకు ఒళ్లు మండింది. అయినా అప్పజెప్పిన పని చేయాలి కదా, బుక్కు తెరిచి రాసింది. మినిట్స్ అంటే తీర్మానాలు మాత్రమే రాయాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. పాత పేజీలు తిరగేస్తే తెలిసేదే, ఆమె తిరగేయలేదు.

పదిహేను రోజులకు రెండో మీటింగు. ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. పోయినసారి మినిట్స్ పైకి చదవాలి, అందరూ ఔనని సంతకాలు పెట్టాలి, ఆ తర్వాతే కొత్త పని. మామూలుగా ఎవరో ఒకరు గొణిగేవారు, మిగతావాళ్లు వినకుండానే గీకేసేవారు. రాబియా మాత్రం క్లాసులో పాఠం చెప్పినట్టు చదివింది.

"రాజంపేటకు పంపితే మజీదా చదువు ఆగిపోతుందని విద్యార్థి సభ్యురాలు చెప్పింది. పోయినేడు పోయిండ్రు, ఈయేడు పోతరు అని ముత్తయ్య సారు అన్నారు. బాలయ్య సారు ఆవులించి, సూద్దాం అన్నారు. బజ్జీలు వచ్చాయి. ఉప్పు తక్కువైందని ముత్తయ్య సారు అన్నారు. దాని మీద పావుగంట చర్చ జరిగింది. అనసూయమ్మ మేడం ఏమీ మాట్లాడలేదు."

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గారు.

"ఏందమ్మా ఇది? మినిట్సా, ఒగ్గుకథనా?" ముత్తయ్య సారు గయ్యిమన్నాడు.

"తప్పుంటే చెప్పుండ్రి సార్, కొట్టేస్త. మీరు అనని మాట ఒక్కటి గూడ రాయలె." రాబియా బుక్కును ఆయన వైపు తిప్పి చూపించింది.

తప్పు ఎక్కడుందని చెబుతారు? సంతకం పెడితే ఆ మాటలు కలకాలం ఉండిపోతాయి. పెట్టకపోతే మీటింగు కదలదు. బాలయ్య సారు పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

"ఆఖరు మాట ఇంకోసారి చదువు బిడ్డా" అంది అనసూయమ్మ మేడం.

రాబియా మెల్లగా చదివింది.

"నిజమే, మాట్లాడలే. పన్నెండేండ్ల సంది ఈ కమిటీల మాట్లాడలే. భిక్నూర్‌ల పని చేసినప్పుడు బస్సు తప్పిపోయి రోడ్డు మీద ఒక్కదాన్నే నిలబడ్డ. ఎంత భయమైందో నాకు తెలుసు. తెలిసి గూడ నోరు మూసుకున్న." మేడం కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు రాయి. మజీదాను ఎల్లారెడ్డికే వెయ్యాలె అని అనసూయమ్మ అన్నది. ఓటుకు పెట్టుండ్రి."

మొదట మేడం చెయ్యి లేచింది. తర్వాత రాబియాది. బాలయ్య సారు ముత్తయ్య సారు వైపు చూడకుండా తనదీ ఎత్తాడు. ఐదింట్లో మూడు, అంతే, పని అయిపోయింది. మజీదా ట్రైనింగు పూర్తి చేసింది. ఆమెకు ఉద్యోగం వచ్చిన రోజు ఖుద్దూస్ గల్లీ గల్లీ తిరిగి మిఠాయి పంచాడు.

అప్పటి నుంచి ఆ బుక్కును అలాగే రాయడం ఆనవాయితీ అయింది. ముత్తయ్య సారు కూడా ఆ తర్వాత కాస్త ఆచితూచి మాట్లాడేవాడట.

1996 నాటికి రాబియా కూడా టీచరై, అదే కమిటీలో సభ్యురాలైంది. ఒక మీటింగులో విద్యార్థి సభ్యుడు పర్శరాములు, చంటిబిడ్డ ఉన్న ఒక ట్రైనీని సదాశివనగర్ కాకుండా దగ్గరి బడికి వేయమని అడిగాడు. పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది రాబియా తల పగిలిపోతోంది. ఎవరో చూద్దామన్నారు. ఆమె ఊరుకుంది.

తర్వాతి మీటింగులో పర్శరాములు లేచి మినిట్స్ చదివాడు. ఆఖరు వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి, తల ఎత్తకుండా చదివేశాడు.

"రాబియా మేడం ఏమీ మాట్లాడలేదు."

ఆమె మొహం కందిపోయింది. అందరికన్నా ముందు బుక్కు తన వైపు లాక్కుని సంతకం పెట్టింది.

"సరిగ్గనే రాసినవ్ తమ్మీ" అంది లేచి నిలబడుతూ. "ఇగ కొత్త పేజీ తియ్యి. మాట్లాడుత."