అత్తగారికి ఊపిరి పోసిన మధ్యాహ్నం

మొన్న విరుదునగరులో మనవరాలి కాలేజీకి వెళితే, హాలులో ఒక రబ్బరు బొమ్మను పడుకోబెట్టి, ఊపిరాగిన మనిషిని ఎలా బతికించాలో పిల్లలకు నేర్పుతున్నారు. బొమ్మకు చుట్టాలెవరూ లేరు కనుక అందరూ నిస్సంకోచంగా దాని నోట్లో ఊదుతున్నారు. నాకా వెసులుబాటు లేకపోయింది.

నేనూ అదే ఊళ్లో చదివేటప్పుడు ఈ విద్య నేర్చుకున్నాను. పరీక్షకు రాదు గనుక బాగా గుర్తుండిపోయింది. పెళ్లయిన మరుసటి వేసవిలో కోవిల్‌పట్టి దగ్గర అత్తవారి పల్లెకు వెళ్లాను. ఆ రోజుల్లో తమిళనాట మన తెలుగిళ్లలో అత్త అల్లుడి ఎదుట పడేది కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. మా అత్తగారి గొంతు తలుపు వెనకనుంచి వినడమే తప్ప, ముఖం సరిగా చూసిందీ లేదు. ఆ మధ్యాహ్నం పత్తిచేని బావి మెట్లమీద కాలు జారి ఆవిడ నీళ్లలో పడ్డారు. కూలివాళ్లు పైకి తెచ్చేసరికి ఊపిరి లేదు.

భుజాన వేసుకుని గిరగిరా తిప్పితే నీళ్లు కక్కుతుందన్నారు ఊరివాళ్లు. వద్దని నేను ముందుకైతే వెళ్లాను గాని, ఆవిడ పక్కన మోకాళ్లమీద కూర్చున్నాక నా చదువు అక్కడే ఆగింది. చుట్టూ ఊరు. మామగారు ఆకాశాన్ని పరిశీలిస్తున్నారు.

“ఏమి సూస్తా కూసోనుండారు?” అని అరిచింది నా భార్య. “మా అమ్మ సచ్చినంక సేస్తారా మరియాద?”

తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో ఊదాను, ఛాతీ నొక్కాను, మళ్లీ ఊదాను. చివరికి ఆవిడ దగ్గి, మింగిన బావినీళ్లన్నీ నా పెళ్లిచొక్కా మీద కక్కారు. అంతకు మించిన అత్తవారి కానుక నాకు అందలేదు. కళ్లు తెరిచి, ఎదురుగా ఉన్నదెవరో గుర్తుపట్టి, ముందు తడికొంగు ముఖంమీదికి లాక్కున్నారు, ఆ తర్వాతే తీరిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. నా భార్య ఏడుస్తూనే నవ్వింది. కారులో కోవిల్‌పట్టి ఆసుపత్రికి తీసుకువెళితే, గండం గడిచిందన్నాడు డాక్టరు.

ఊళ్లో కొందరు గొణిగారు. ఆవిడ ఆసుపత్రి మంచంమీదనుంచే తీర్పు చెప్పారు: “ఊపిరి పోసినోడు అల్లుడెట్ల అవుతాడు? కొడుకే గదా!” దాంతో నా అల్లుడి మర్యాదలన్నీ రద్దయ్యాయి. “ఏలరా, ఎండలో పోతావు? తిని పోరా!” అంటూ, కన్నుమూసేదాకా నన్ను ఎదురుగానే నిలబడి కేకలేశారు.

ఇప్పుడు నా భార్య, మా అల్లుడు పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు, మంచిదే. ప్రాణం పోతున్నవేళ ఎవరూ వరసలు చూసుకోనక్కరలేదు. నేను మాత్రం ఎంత ఎండలో బయల్దేరినా ఎవరూ ఏమీ అనరు. పెద్దవాణ్ణి గదా, గౌరవంగా వదిలేశారు.