పిన్నిగారి వడియాలు, మా కొత్త పవర్‌హౌసు

ఇప్పుడంటే ఏ యంత్రం దగ్గరికి వెళ్లినా చల్లగా, మర్యాదగా ఉంటుంది గాని, ఆ రోజుల్లో యంత్రం అంటే ముఖం మాడాలి, చెవులు గింగుర్లెత్తాలి, ఇంటికొచ్చాక ఒంటి మీంచి మసి రాలాలి. నేను కొత్తగా ఇంజినీరుగా చేరిన యూనివర్సిటీలో అచ్చం అలాంటిదే ఒకటుండేది. భీమవరం దారిలో, చేపల చెరువుల మధ్య క్యాంపస్. రైస్ మిల్లుల నుంచి ట్రాక్టర్లలో వచ్చే ఊకను మండించి హాస్టళ్లకు వేడినీళ్లు, మెస్‌కు ఆవిరి, కొన్ని భవనాలకు కరెంటు ఇచ్చే పాత బాయిలర్ హౌసు. దాని వయసెంతో ఎవరికీ తెలియదు (అడిగితే నొచ్చుకుంటుందేమోనని మేమూ అడగలేదు). వేడి పోకుండా పైపులకు చుట్టే కవచం, మా భాషలో లాగింగ్, ఎప్పుడో ఊడిపోయింది. సగం వేడి హాస్టళ్లకు వెళ్తే మిగతా సగం ఆ గదిలోనే ఉండిపోయేది.

ఆ సగం వృథా పోవడం లేదని నాకు తెలియడానికి ముసురు పట్టాల్సి వచ్చింది. తడిసిన గొడుగుతో లోపలికి వెళ్తే, స్టాఫ్ క్వార్టర్స్ మొత్తం అక్కడే ఆరేసి ఉంది. ఒక పక్క వార్డెన్ గారి భార్య (క్యాంపస్ అంతటికీ ఆవిడ పిన్నిగారు) పెట్టిన గుమ్మడి వడియాలు. రెండో పక్క బాయిలర్ నడిపే ఊక బాబాయి ఇంటి నుంచి వచ్చిన మెత్తళ్లు. మధ్యలో సుద్దముక్కతో గీసిన గీత.

"ఈ గీత దాటి మీ చేపల వాసన వచ్చిందంటే ఊరుకోను బాబాయ్!"

"వాసనకి గీతలేం తెలుస్తాయండీ పిన్నిగారూ, అదేమన్నా చదువుకుందా?"

ఇంత చక్కని కాపురాన్ని కూల్చే పని నాకు పడింది. పాత బాయిలర్ తీసేసి గ్యాసు ఇంజను పెట్టాలి. ఇంజను కరెంటు ఇస్తుంది, దాని పొగలోని వేడితో ఆవిరి వస్తుంది. మా పెద్దసారు, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారు, నన్ను పిలిచి మెత్తగా చెప్పారు. "ప్రారంభోత్సవం సవ్యంగా జరిగితే నీ ప్రొబేషన్ ఫైలు కదులుతుందమ్మా. లేదంటే నిడదవోలు రైళ్ల టైములు నీకు తెలుసుగా." (మా ఇల్లు నిడదవోలు.)

ట్రయల్ రోజున పిన్నిగారు వచ్చి పైపులన్నీ తడిమి చూశారు. "ఏంటమ్మాయ్, ఇంత డబ్బు పోశారు, ఎక్కడా వెచ్చదనమే లేదు?"

"అదే దీని గొప్పండీ. వేడి బయటికి రాదు."

"బయటికి రాని వేడి ఎవరి కోసమమ్మా?" అన్నారు. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఈ ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు.

ప్రారంభోత్సవం నాడూ ముసురే. వీసీ గారు బటన్ నొక్కారు, ఇంజను గుర్రుమంది, టెంటులో లైట్లు వెలిగాయి. ఆయన మైకు అందుకుని, "ఇకమీదట మన క్యాంపస్‌లో ఒక్క క్షణం కూడా కరెంటు" అనేసరికి మైకు మూగబోయింది. ఫ్యాన్లు ఆగాయి. వెనక వరసల్లో కుర్రాళ్లు ఆనందంగా ఈలలు వేశారు.

పరిగెత్తాను. ఇంజను గది వెనక, అది గాలి పీల్చుకునే జాలీకి ఒక పాత నేతచీర అంటుకుపోయి ఉంది. దాని నిండా సగం ఆరిన వడియాలు. పక్కనే గొడుగు పట్టుకుని పిన్నిగారు.

"ట్రయల్ నాడు ఇక్కడ గాలి బాగా ఆడిందమ్మాయ్, అందుకని కట్టాను. అంత లాగినా ఒక్కటీ రాలలేదు చూడు!"

ఇంజనుకి ఊపిరాడలేదు, ఇప్పుడు నాకూ ఆడటం లేదు. చీర లాగి వీపు వెనక దాచానో లేదో, పెద్దసారు రొప్పుతూ వచ్చేశారు. ఆయన కళ్లు తిన్నగా జాలీ మీదికి వెళ్లాయి. అక్కడ వడియం ఒకటి మిగిలిపోయింది. పిన్నిగారి మాట ఆ ఒక్కదాని విషయంలో తప్పింది. ఆయన దాన్ని గిల్లి, వాసన చూసి, నోట్లో వేసుకున్నారు.

"ఇంగువ ఎక్కువైంది. ఇది మా ఇంటి పిండిలా ఉందే!"

"మీ ఆవిడ కలిపిందేనండీ. రెండిళ్లవీ కలిపే పెట్టాం," అన్నారు పిన్నిగారు, కాస్త గర్వంగా.

పెద్దసారు ఓసారి టెంటు వైపు, ఓసారి నా వైపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "గాలి అందక ఆగిందని చెబుదామమ్మా. అబద్ధమేం కాదుగా," అన్నారు. ఇంజను మళ్లీ నడిచింది, వీసీ గారు వాక్యం పూర్తి చేశారు, నా ఫైలు కదిలింది. ఆ వారమే పెద్దసారు కాంట్రాక్టరు మనుషులకి ఇంజను గది వెనక పైపొకటి చూపించి, "దీని లాగింగ్ విప్పేయండి, భవిష్యత్ అవసరాలకి అలా ఉంచండి," అన్నారు. వాళ్లు వెళ్లాక దాని మధ్యలో సుద్దగీత గీసింది నేనే.

ఇప్పుడు పెద్దసారు కుర్చీలో నేనున్నాను. మొన్న కొత్తగా చేరిన ఇంజినీరు వేడిని ఫోటో తీసే కెమెరా పట్టుకొచ్చాడు. "మేడమ్, వెనక పైపుకి లాగింగ్ మర్చిపోయారండీ. చూడండి, ఎర్రగా ఉంది. మధ్యలో ఈ నల్లచుక్కలేంటో అర్థం కావట్లేదు."

చుక్కలు వరసల్లో ఉన్నాయి, తడి ఆరని వడియాల్లా. పిన్నిగారు రాజమండ్రి వెళ్లిపోయి ఎన్నాళ్లో అయింది, ఇవి ఎవరివో నాకు తెలియదు. "ముసురు వెళ్లాక చూద్దాం బాబూ," అన్నాను, అచ్చం పెద్దసారు గొంతుతో. సాయంత్రం అంతా వెళ్లిపోయాక ఇంజను గది వెనక్కి వెళ్లి చూశాను. నా గీత ఏనాడో చెరిగిపోయి ఉండాలి. ఎవరో తెల్లగా, కొత్తగా దిద్దారు.